కుదుపు – కుదురు

పాఠ్యభాగ ఉద్దేశం

నిత్యజీవితంలో మనం అనుభవించి మరచిపోయే విషయాల వెనుక ఎంతో శాస్త్రం, ఎంతో శ్రమ దాగి ఉంటాయి. దూరప్రయాణపు రైలులో కలిగే కుదుపుకు, లభించే కుదురుకు గల కారణాలను తెలియజేయడం, ఆ కుదురును కాపాడుతున్న శ్రామికుల కృషి పట్ల విద్యార్థులలో గౌరవభావాన్ని పెంపొందించడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

పాఠ్యభాగం

ఒకనాడు కామారెడ్డి రైల్వే స్టేషనులో తిరుపతి వెళ్లే రాయలసీమ ఎక్స్‌ప్రెస్ కోసం ఎదురుచూస్తున్నాను. నేను కూర్చున్న బల్లమీదనే బాన్సువాడ నుంచి బస్సులో వచ్చిన ఒక వృద్ధురాలు మూట పక్కన పెట్టుకొని కూర్చున్నది. మాటల సందర్భంలో ఆమె తన టికెట్టు నా చేతికిచ్చి, "సారూ, పోయినసారి డబ్బా కొసకు సీటొచ్చింది. రాత్రంత ఎత్తెత్తి ఏసింది, కన్ను మూతపడలె. ఈసారి నడిమిట్ల ఇప్పిచ్చిండు మా మనుమడు. మంచిగుంటదా?" అని అడిగింది. "మంచిగనే ఉంటదమ్మా, నిశ్చింతగా పడుకో" అన్నాను. ఆమె అంతటితో ఊరుకోలేదు. "బండి ఒక్కటే, తొవ్వ ఒక్కటే. మరి ఒక తాన ఎత్తేస్తది, ఒక తాన ఊయల లెక్క ఊపుతది. ఎందుకట్ల?" అన్నది. ఇంతలో బండి వచ్చింది. ఎవరి పెట్టెలోకి వారం ఎక్కాము. ఆ ప్రశ్న మాత్రం నాతోనే ప్రయాణం చేసింది. ఆనాడు ఆమెకు చెప్పలేకపోయిన సమాధానమే ఈ వ్యాసం.

బాన్సువాడకు నేటికీ రైలుమార్గం లేదు. మంజీర తీరాన, నిజాంసాగర్ కాలువల చలువతో పచ్చగా ఉన్న ఈ ప్రాంతపు ప్రజలు దూరప్రయాణానికి కామారెడ్డికో, నిజామాబాదుకో బస్సులో వెళ్లి రైలు ఎక్కుతారు. ఆ రెండు ఊళ్ల మీదుగా సాగే రైలుమార్గం పందొమ్మిదవ శతాబ్దం ముగిసి ఇరవయ్యవ శతాబ్దం ఆరంభమవుతున్న సంధికాలంలో ఏర్పడింది. దానిని నిర్మించింది హైదరాబాద్ గోదావరి వ్యాలీ రైల్వే. అది సికింద్రాబాదును మహారాష్ట్రలోని మన్మాడ్‌తో కలిపింది. తిరుపతి మొక్కులకు, హైదరాబాదు చదువులకు, ముంబయి మీదుగా గల్ఫ్ దేశాల కొలువులకు ఈ జిల్లాల వారిని చేరవేసిన దారి అదే.

తెలుగు భాషలో 'కుదుపు', 'కుదురు' అనే రెండు మాటలు వినడానికి దగ్గరగా ఉన్నా అర్థంలో ఎదురెదురుగా నిలుస్తాయి. ఉన్నచోట ఉండనీయకుండా ఎగురవేసేది కుదుపు. బిందె దొర్లిపోకుండా అడుగున పెట్టే చుట్ట కుదురు. నిలకడకు కూడా అదే పేరు. రైలు ప్రయాణంలోని సుఖదుఃఖాలన్నీ ఈ రెండు మాటల మధ్యనే ఉన్నాయి. బిందెకు కుదురు ఒకటి చాలు. వందల టన్నుల బరువుతో పరుగెత్తే రైలుకు మాత్రం నేల మొదలుకొని మనం కూర్చున్న బల్ల వరకు అంచెలంచెలుగా కుదుళ్లు కావాలి. వాటిలో ఏ ఒక్కటి చెదిరినా ఆ సంగతి ప్రయాణికుని వెన్నెముకకు తెలిసిపోతుంది.

రైలుపెట్టెలో మన శరీరం ప్రధానంగా మూడు విధాల కదలికలకు లోనవుతుంది. మొదటిది కిందికీ మీదికీ ఎత్తివేసే కుదుపు. రెండవది కుడి ఎడమలకు ఊపే ఊగిసలాట. మూడవది ముందుకో వెనుకకో ఒక్కసారిగా లాగే ఈడ్పు. వీటికి తోడు చక్రాల నుంచి నేలబల్లల దాకా పాకే సన్నని అదురు నిరంతరం ఉంటుంది. ఈ కదలికలకు కారణాలు వేరు, వాటికి విరుగుడులూ వేరు. వైద్యుడు నొప్పి ఏ చోట ఉన్నదో అడిగి రోగాన్ని నిర్ణయించినట్లు, కుదుపు ఏ తీరున ఉన్నదో గమనించి దాని మూలాన్ని ఊహించవచ్చు.

ముందుగా పట్టాల సంగతి చూద్దాం. పాతకాలపు రైలు ప్రయాణం అనగానే 'టకటక్, టకటక్' అనే లయ చెవుల్లో మ్రోగుతుంది. మన దేశంలో బ్రాడ్‌గేజ్ పట్టా ముక్క సాధారణంగా 13 మీటర్ల పొడవుండేది. రెండు ముక్కలను ఇరువైపులా ఫిష్‌ప్లేట్లు అనే ఇనుపపలకలతో బిగించి, నడుమ కొద్దిపాటి సందు విడిచేవారు. ఇనుము వేడికి వ్యాకోచిస్తుంది కనుక ఆ సందు అవసరం. ఉష్ణోగ్రత 40 డిగ్రీలు పెరిగితే 13 మీటర్ల పట్టా ఇంచుమించు 6 మిల్లీమీటర్లు సాగుతుంది. సందు విడువకపోతే సాగిన పట్టాలు ఒకదానినొకటి నెట్టుకొని వంకర పోతాయి. అయితే చక్రం ఆ సందును దాటినప్పుడల్లా ఒక చిన్న గుంతలో పడి లేచినట్లు అవుతుంది. వేల చక్రాలు కొట్టిన దెబ్బలకు పట్టా కొసలు అణగిపోతాయి, కింది కంకర కదిలిపోతుంది, గుంత మరింత లోతవుతుంది. గుంత కుదుపును పుట్టిస్తుంది, కుదుపు గుంతను పెంచుతుంది.

ఈ చప్పుడులో ఒక చిన్న గణితవినోదం కూడా ఉంది. 13 మీటర్ల పట్టాల మీద వెళ్తున్నప్పుడు 47 సెకన్లలో ఎన్ని అతుకులు దాటామో లెక్కిస్తే, ఆ సంఖ్య గంటకు ఇన్ని కిలోమీటర్లు అనే వేగానికి దాదాపు సమానమవుతుంది. ఒకే బోగీకి ముందు వెనుకలుగా రెండు ఇరుసులు ఉండటం వల్ల చప్పుడు జంటగా వినిపిస్తుంది. ఆ జంటను ఒక్కటిగా లెక్కించాలి. గడియారం చేతపట్టుకొని ఈ లెక్క వేయడం ఒకనాటి పిల్లల వేసవి సెలవుల వేడుక.

నేటి ప్రధాన మార్గాలలో ఆ లయ చాలావరకు మూగబోయింది. పట్టా ముక్కలను ఒకదానితో ఒకటి కరిగించి అతికి, కిలోమీటర్ల పొడవున ఏకఖండంగా పరచడమే దీనికి కారణం. 'మరి ఎండకు సాగే ఇనుము ఎక్కడికి పోతుంది?' అనే సందేహం సహజం. స్వేచ్ఛగా విడిచిపెడితే ఒక కిలోమీటరు పట్టా 40 డిగ్రీల వేడికి 46 సెంటీమీటర్లు సాగాలి. కాని దానిని స్లీపర్లకు బలమైన క్లిప్పులతో బిగించి, ఆ స్లీపర్లను కంకరలో పాతి ఉంచుతారు. అందువల్ల రెండు కొసల వద్ద తప్ప, నడిమి భాగం కదలలేదు. సాగలేకపోయిన ఆ బలమంతా పట్టా లోపలే ఒత్తిడిగా అణగి ఉంటుంది. రోహిణికార్తె ఎండల్లో పట్టా వేడి గాలి వేడిని ఎంతో మించిపోతుంది. ఆ సమయంలో కంకర పట్టు సడలితే లోపల అణగి ఉన్న బలం పట్టాను పక్కకు వంచివేస్తుంది. చలికాలపు రాత్రుల్లో ఇందుకు విరుద్ధంగా పట్టా ముడుచుకోవాలని చూస్తుంది. బలహీనమైన అతుకు ఉంటే అక్కడ విరుగుతుంది. ప్రయాణికుడు అనుభవించే నిశ్శబ్దమైన కుదురు కింద ఇంతటి పెనుగులాట జరుగుతూ ఉంటుంది.

పట్టాల కింద స్లీపర్లు, స్లీపర్ల కింద కంకర ఉంటాయి. పూర్వం కర్రదూలాలను, ఇనుప స్లీపర్లను వాడేవారు. ఇప్పుడు వాటి స్థానంలో కాంక్రీటు స్లీపర్లు వచ్చాయి. బ్రాడ్‌గేజ్ మార్గంలో ఒక్కొక్క స్లీపరు 250 కిలోలకు పైగా బరువుంటుంది. ఆ బరువే పట్టాలకు నిలకడ. కంకర చూడటానికి రాళ్లకుప్ప వలె కనిపించినా అది రైలుమార్గానికి పరుపు వంటిది. కోణాలున్న రాళ్లు ఒకదానిలో ఒకటి చిక్కుకొని స్లీపరును పట్టి ఉంచుతాయి. పైనుంచి వచ్చే బరువును పంచి నేలకు దించుతాయి. వాననీటిని నిలువనీయకుండా జార్చివేస్తాయి. నది ఒడ్డున దొరికే నున్నని గులకరాళ్లను ఇందుకు వాడకపోవడానికి కారణం ఇదే. నున్నని రాయి జారుతుంది, పలుగురాయి పట్టుకుంటుంది.

కంకర కింద నేల ఉంది. మన ప్రాంతపు రైతుకు నల్లరేగడి స్వభావం కొత్తగా చెప్పవలసిన పని లేదు. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది. అటువంటి నేలమీద కట్టిన గట్టు అన్నిచోట్లా ఒకే తీరుగా కుంగదు. ఒక పట్టా ఒక అంగుళం, పక్క పట్టా అర అంగుళం కుంగితే చాలు, పెట్టె ఒక పక్కకు తూగుతుంది. అందుకే గట్టుకూ కంకరకూ నడుమ ముతక రేణువులతో కూడిన పొరను ప్రత్యేకంగా పరుస్తారు. నీటికీ రైలుమార్గానికీ ఉన్న వైరాన్ని తెలంగాణ ప్రజలు ఇటీవలనే కళ్లారా చూశారు. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లాలో కేసముద్రం, ఇంటికన్నె స్టేషన్ల మధ్య వరదకు కంకర కొట్టుకుపోయి, పట్టాలు గాలిలో వేలాడాయి. వందలాది కార్మికులు రాత్రింబవళ్లు పనిచేసి కొద్ది రోజుల్లోనే ఆ మార్గాన్ని పునరుద్ధరించారు. 2025 ఆగస్టు చివరివారంలో కామారెడ్డి జిల్లాలో కురిసిన కుండపోత వానలకు భిక్కనూరు, తలమడ్ల ప్రాంతంలో వరదనీరు పట్టాలను ముంచెత్తడంతో ఎన్నో రైళ్లను రద్దు చేశారు, మరికొన్నింటిని దారి మళ్లించారు. పరుపు వంటి ఆ రాళ్లు లేనినాడు పట్టా ఉండీ లేనట్లే.

ఇక ఊగిసలాట సంగతి. రైలుచక్రం అంచు పైకి సమతలంగా కనిపించినా నిజానికి కొద్దిగా వాలుగా ఉంటుంది. లోపలివైపు చుట్టుకొలత ఎక్కువ, బయటివైపు తక్కువ. రెండు చక్రాలూ ఒకే ఇరుసుకు బిగించి ఉంటాయి. ఇరుసు ఎడమకు జరిగిందనుకుందాం. ఎడమచక్రం తన పెద్ద చుట్టుకొలత మీద, కుడిచక్రం చిన్న చుట్టుకొలత మీద దొర్లుతాయి. దానితో ఇరుసు తనంతట తానే కుడివైపుకు తిరుగుతుంది. అట్లా తిరిగి మధ్యలో ఆగక కొంచెం అవతలికి పోతుంది, మళ్లీ ఎడమకు వస్తుంది. ఎవరూ తిప్పకుండానే రైలును దారిలో నిలిపే ఈ ఉపాయమే, వేగం పెరిగినకొద్దీ పాము నడక వంటి ఊపుగా మారుతుంది. చక్రాలు, పట్టాలు అరిగినచోట ఈ సర్పగతి మరింత తీవ్రమవుతుంది. గుణమే మితిమీరితే దోషమవుతుందనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

మలుపుల వద్ద మరొక ఏర్పాటు ఉంది. మలుపు తిరిగే సైకిలిస్టు లోపలివైపు ఒరిగినట్లే, రైలు కూడా ఒరగడానికి వీలుగా బయటి పట్టాను లోపలి పట్టా కంటే ఎత్తుగా వేస్తారు. మన బ్రాడ్‌గేజ్ మార్గాలలో ఈ ఎత్తు గరిష్ఠంగా 165 మిల్లీమీటర్ల వరకు ఉండవచ్చు. ఈ ఒరుగుదల ఒక నిర్ణీత వేగాన్ని దృష్టిలో పెట్టుకొని నిర్ణయించినది. అంతకంటే వేగంగా పోతే శరీరం బయటికి తూలుతుంది. నెమ్మదిగా పోయినా, ఆగిపోయినా లోపలికి వాలినట్లు అనిపిస్తుంది. వేగంగా పోయే ఎక్స్‌ప్రెస్‌కూ బరువుగా సాగే గూడ్సు బండికీ దారి ఒక్కటే అయినప్పుడు, ఆ ఎత్తు ఇద్దరికీ నడిమధ్యస్థంగా కుదుర్చుకున్న రాజీ మాత్రమే.

పట్టాల మధ్య దూరానికి కూడా నిలకడతో సంబంధం ఉంది. కామారెడ్డి మార్గం మొదట మీటర్‌గేజ్‌గా ఉండేది. అంటే రెండు పట్టాల మధ్య ఎడం ఒక మీటరు. బ్రాడ్‌గేజ్‌లో ఆ ఎడం 1,676 మిల్లీమీటర్లు. ఇరుకైన పీటమీద ఎత్తయిన బిందెను నిలిపితే సులభంగా ఊగుతుంది, వెడల్పు పీటమీద కుదురుగా ఉంటుంది. 1992లో ఆరంభమైన యూనీగేజ్ విధానం కింద దేశంలోని మీటర్‌గేజ్ మార్గాలు ఎన్నో బ్రాడ్‌గేజ్‌గా మారాయి. మన మార్గం కూడా మారింది. పాత చిన్నబండిలో ప్రయాణించిన పెద్దలు నేటికీ దాని ఊపును తలచుకొని నవ్వుకుంటారు.

నేలలో మిగిలిన లోపాన్ని పెట్టె తాను మింగాలి. అందుకే చక్రాలకూ పెట్టెకూ మధ్య రెండు అంచెల స్ప్రింగులు ఉంటాయి. మొదటి అంచె ఇరుసుకూ బోగీ చట్రానికీ మధ్య, రెండవ అంచె చట్రానికీ పెట్టెకూ మధ్య పనిచేస్తాయి. స్ప్రింగు ఒక్కటే ఉంటే ఒకసారి ఎగిరిన పెట్టె ఎగురుతూనే ఉంటుంది. ఊయలను చేత్తో పట్టి నెమ్మదింపజేసినట్లు, నూనెతో పనిచేసే నిరోధకాలు ఆ ఎగురుడును అణచివేస్తాయి. స్వతంత్ర భారతంలో ఈ పెట్టెల నిర్మాణానికి మద్రాసులోని పెరంబూరులో 1955లో ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ వెలసింది. స్విట్జర్లాండు సాంకేతిక సహకారంతో రూపొందిన ఆ నమూనా పెట్టెలు అరవై ఏళ్లకు పైగా దేశాన్ని మోశాయి. 2000 సంవత్సరంలో జర్మనీకి చెందిన లింకే హాఫ్‌మన్ బుష్ సంస్థ నమూనా పెట్టెలు వచ్చాయి. వీటినే ఎల్.హెచ్.బి. పెట్టెలని అంటారు. పాత నమూనా పెట్టెల తయారీ 2018లో నిలిచిపోయింది.

కొత్త పెట్టెలు వేగంలోనూ, ప్రమాదసమయంలో రక్షణలోనూ పాతవాటి కంటే మేలైనవి. అయినా బండి కదిలేటప్పుడు, ఆగేటప్పుడు గట్టిగా ఈడ్చినట్లు ఉంటుందని మొదట్లో ప్రయాణికులు ఎక్కువగా అనేవారు. పాత పెట్టెల మధ్య మరసుతో బిగించే లంకె, ఇరువైపులా బఫర్లు ఉండేవి. కొత్తవాటిలో తమంతట తామే పట్టుకునే మధ్య లంకె ఉంటుంది. లంకెల నడుమ ఏ కొద్దిపాటి వదులున్నా ఇంజను లాగగానే అది ఒక పెట్టె నుంచి మరొక పెట్టెకు దెబ్బలా పాకుతుంది. తరువాతి కాలంలో లంకెల వెనుక మెరుగైన అదురునిరోధకాలను అమర్చి దీనిని తగ్గించారు. 2023 జనవరి 15న సికింద్రాబాదు, విశాఖపట్నాల మధ్య మొదలైన వందేభారత్ వంటి రైళ్లలో ఒకే ఇంజను అన్ని పెట్టెలనూ లాగవలసిన పని లేదు. పెట్టెల కిందనే మోటార్లు ఉండటం వల్ల బలం పంపిణీ అయి, ఈడ్పు ఎంతో తగ్గుతుంది.

ఇప్పుడు వృద్ధురాలి ప్రశ్నకు సమాధానం చెప్పవచ్చు. పెట్టె రెండు కొసల సమీపంలో బోగీలు ఉంటాయి. చక్రం తిన్న ప్రతి దెబ్బా ముందుగా అక్కడికే చేరుతుంది. అంతేకాక పెట్టె ముందుకూ వెనుకకూ తూగినప్పుడు, పిల్లలాడే తూగుబల్ల వలె కొసలు ఎక్కువగా, నడుమ తక్కువగా కదులుతాయి. కనుక నడిమి సీటు కుదురైనది. అట్లే పెట్టె పక్కలకు ఊగినప్పుడు పైబెర్తులో పడుకున్నవారికి ఆ ఊపు ఎక్కువగా తెలుస్తుంది. గాలికి తాటిచెట్టు మొదలు కదలకపోయినా తల ఊగుతుంది కదా! ఆమె మనుమడు శాస్త్రం చదివాడో లేదో తెలియదు కాని, శాస్త్రసమ్మతమైన సీటునే కోరుకున్నాడు.

ఎత్తివేయడానికీ, ఊయల ఊపడానికీ తేడా ఏమిటన్నది ఆమె ప్రశ్నలోని రెండవ భాగం. మన శరీరం కదలికలన్నింటినీ ఒకే విధంగా స్వీకరించదు. సెకనుకు నాలుగు నుంచి ఎనిమిది పర్యాయాలు కిందికీ మీదికీ కదిపే కుదుపు మనకు అత్యంత దుస్సహం. ఎందుకంటే పొట్టలోని అవయవాలు ఇంచుమించు అదే వేగంతో స్పందిస్తాయి. సెకనుకు సుమారు ఒకసారి ఊగే ఊపు తొట్టెలలోని శిశువుకు వలె నిద్ర పుచ్చుతుంది. ఇంకా నెమ్మదిగా, సుమారు అయిదు సెకన్లకు ఒకసారి తూగే తూగు కడుపులో తిప్పుతుంది. పడవ ప్రయాణంలో వాంతులు కావడానికి ఇదే కారణం. కదలికను పూర్తిగా మాన్పడం అసాధ్యం కనుక, ఇంజనీరు కఠినమైన కుదుపును మెత్తని ఊపుగా మార్చడానికి స్ప్రింగులను ఎన్నుకుంటాడు. దీనిని కొలవడానికి జర్మన్ శాస్త్రజ్ఞుడు స్పెర్లింగ్ పేరున ఒక ప్రయాణసుఖ సూచిక ఉంది. ఆ కొలమానంలో 1 అంటే కదలిక లీలగా తెలియడం, 2 అంటే స్పష్టంగా తెలియడం, 3 అంటే బలంగా ఉన్నా భరించదగినది, 4 అంటే హానికరమైనది. 1957లో లక్నోలో ఏర్పడిన రైల్వే పరిశోధన సంస్థ మన పెట్టెలను ఈ కొలతతోనే పరీక్షిస్తుంది.

ఇంతవరకు కుదుపును అసౌకర్యంగానే చూశాం. దానికి మరొక ముఖం ఉంది. కుదుపు ఒక సమాచారం. నిన్న లేని కుదుపు నేడు ఒకచోట కొత్తగా తగిలిందంటే, అక్కడ నేల కుంగి ఉండవచ్చు, క్లిప్పు ఊడి ఉండవచ్చు, పట్టా పగిలి ఉండవచ్చు. అందుకే అసాధారణమైన కుదుపు తగిలితే లోకోపైలట్ ఆ విషయాన్ని తదుపరి స్టేషనుకు తెలియజేయాలన్న నియమం ఉంది. ఆ చోటును పరీక్షించేవరకు వెనుక వచ్చే బండ్లను హెచ్చరిక లేకుండా పోనివ్వరు. పట్టాల ఎత్తుపల్లాలను, వంకరలను కొలిచే ప్రత్యేక బండ్లు కూడా మార్గమంతా తిరుగుతూ ఉంటాయి. సుఖమూ భద్రతా ఒకే వేరునుంచి పుట్టిన రెండు కొమ్మలు. అసౌకర్యాన్ని చిన్నవిషయమని కొట్టిపారేస్తే, అదే ఒకనాడు ప్రాణాపాయమై ఎదురుకావచ్చు.

ఈ సమాచారాన్ని యంత్రాల కంటే ముందు చదివేవాడు కీమన్. తెల్లవారగానే సుత్తి, స్పానరు, ఎర్రజెండా, పచ్చజెండా పట్టుకొని తనకు అప్పగించిన కొన్ని కిలోమీటర్ల పట్టాను అడుగడుగునా చూస్తూ నడుస్తాడు. వదులైన క్లిప్పును కొట్టి బిగిస్తాడు. ఎక్కడైనా పట్టా విరిగినట్లు కనిపిస్తే ఎర్రజెండాతో బండికి ఎదురు పరుగెత్తుతాడు. ఒకప్పుడు గ్యాంగ్‌మన్ అని పిలిచిన వారిని ఇప్పుడు ట్రాక్ మెయింటెయినర్లని అంటున్నారు. వారిలో స్త్రీలూ ఉన్నారు. కంకర కూర్చి సరిచేసే భారీయంత్రాలు వచ్చినా, అత్యవసర సమయంలో స్లీపరు కింద రాళ్లు కూరేది నేటికీ వారి చేతులే. ఎండాకాలపు మధ్యాహ్నం పట్టా వంగుతుందేమోనని, చలికాలపు రాత్రి పట్టా విరుగుతుందేమోనని, వానాకాలంలో గట్టు తెగుతుందేమోనని వారు కాపలా తిరుగుతారు. తలవంచి పనిలో మునిగి ఉన్నప్పుడు వెనుకనుంచి వచ్చే బండిని గమనించక ప్రాణాలు కోల్పోయినవారు కూడా ఉన్నారు. మనం బెర్తుమీద కలత లేకుండా నిద్రపోయిన ప్రతి రాత్రి వెనుక ఎవరో ఒకరు చీకటిలో లాంతరు పట్టుకొని మేల్కొని ఉన్నారని మరువరాదు.

మరొక సంగతి కూడా ఆలోచించదగినది. ఏ.సి. పెట్టెలో పరుపుమీద పడుకున్నవారికీ, జనరల్ పెట్టెలో తలుపు పక్కన నిలబడ్డవారికీ కింద పట్టా ఒక్కటే. కాని కుదుపు ఇద్దరికీ ఒక్కటి కాదు. కూర్చోవలసిన వారికి రెట్టింపు మంది ఎక్కినచోట, ఆసరా లేక నిలబడిన దేహం ప్రతి ఊపునూ తన కాళ్లతోనే ఆపుకోవాలి. పొట్ట చేత పట్టుకొని ముంబయి మీదుగా గల్ఫ్ దేశాలకు తరలిన మన జిల్లాల యువకులలో ఎందరో తొలి రాత్రిని ఆ విధంగానే గడిపారు. పట్టాలను సమం చేయడం ఇంజనీరింగు. ఆ సమత ఫలాన్ని అందరికీ అందించడం సమాజధర్మం.

రైళ్లు రాకముందు మన దేశంలో సంపన్నుల దూరప్రయాణ సాధనం పల్లకి. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగి చేరారు. హైదరాబాదు, నిర్మల మీదుగా సాగిన ఆ యాత్రావిశేషాలు 'కాశీయాత్ర చరిత్ర'గా తెలుగు సాహిత్యంలో నిలిచిపోయాయి. పల్లకిలో కూర్చున్నవారి సుఖం బోయీల అడుగుల మీద ఆధారపడి ఉంటుంది. నలుగురి అడుగులూ కలిస్తే కుదురు, ఒక్కరి అడుగు తప్పితే కుదుపు. పల్లకిలో ఉన్నవారికి బోయీల ఆయాసం వినిపించేది, వారి భుజాల కాయలు కనిపించేవి. రైలు ప్రయాణికునికి మాత్రం తనను మోస్తున్నవారు కనిపించరు. బండి సాగిపోయేటప్పుడు పట్టాల పక్కకు తొలగి, పనిముట్లు నేలపై ఆనించి నిలబడిన వారు కిటికీలోంచి ఒక్క క్షణం మెరిసి మాయమవుతారు. వారే నేటి బోయీలు.

తిరుపతి నుంచి తిరిగివచ్చాక ఆ వృద్ధురాలు మళ్లీ నాకు తారసపడలేదు. నడిమి సీటులో ఆమెకు నిద్రపట్టే ఉంటుందని నా నమ్మకం. ఎప్పుడైనా కలిస్తే, "అమ్మా, నిన్ను ఊయల లెక్క ఊపింది బండి ఒక్కటే కాదు, తొవ్వ పొడుగునా నిలబడ్డ మనుషులు కూడా" అని చెప్పాలని ఉంది.

కఠిన పదాలు – అర్థాలు

కుదురు = నిలకడ; బిందె నిలవడానికి అడుగున ఉంచే చుట్ట
ఈడ్పు = లాగడం
అదురు = సన్నని కంపనం
వ్యాకోచించు = సాగు, విస్తరించు
ఏకఖండం = అతుకులేని ఒకే ముక్క
తొవ్వ = దారి (తెలంగాణ వ్యవహారం)
సర్పగతి = పామువంటి నడక
దుస్సహం = సహింపరానిది
లంకె = కలిపే కొక్కెం, బంధం
తారసపడు = ఎదురుపడు
బోయీలు = పల్లకి మోసేవారు

వ్యాకరణాంశాలు

ప్రాణాపాయం = ప్రాణ + అపాయం – సవర్ణదీర్ఘ సంధి
అత్యవసరం = అతి + అవసరం – యణాదేశ సంధి
సర్పగతి = సర్పము యొక్క గతి – షష్ఠీ తత్పురుష సమాసం
సుఖదుఃఖాలు = సుఖమూ, దుఃఖమూ – ద్వంద్వ సమాసం

ప్రశ్నలు

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. రైలు ప్రయాణంలో కలిగే కదలికలను పేర్కొని, వాటికి గల కారణాలను వివరించండి.
2. 'సుఖమూ భద్రతా ఒకే వేరునుంచి పుట్టిన రెండు కొమ్మలు' అన్న రచయిత అభిప్రాయాన్ని పాఠం ఆధారంగా సమర్థించండి.

II. సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. పట్టాల నడుమ సందు ఎందుకు విడిచేవారు? దాని వల్ల కలిగే ఇబ్బంది ఏమిటి?
2. రైలుమార్గానికి కంకర చేసే మేలు ఏమిటి?
3. ట్రాక్ మెయింటెయినర్లను రచయిత పల్లకి బోయీలతో పోల్చడంలోని ఔచిత్యాన్ని తెలపండి.

III. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. బ్రాడ్‌గేజ్ పట్టాల మధ్య ఎడం ఎంత?
2. పెట్టెలో కుదురైన సీటు ఎక్కడ ఉంటుంది?
3. ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ ఏ సంవత్సరంలో ఏర్పడింది?